నవంబరు 14న అమ్మానాన్నలను హాస్టల్‌కు పిలుద్దాం

ఆరోగ్యమే మహాభాగ్యం అని చిన్నప్పటి నుంచి కాపీ పుస్తకాల్లో రాస్తూనే ఉన్నాం. సూక్తి అందరికీ వచ్చు. కానీ మా గాజులరామారంలో ఏ ఇంటి తలుపు తట్టి "షుగర్ జబ్బు ఎందుకు వస్తుంది?" అని అడిగినా చాలాసార్లు వినిపించే జవాబు ఒకటే: "తీపి ఎక్కువ తింటే వస్తది." ఇంకా గుచ్చి అడిగితే, "అది ఉన్నోళ్ళ రోగం, మనకెందుకొస్తది?" అంటారు. ఈ రెండు మాటలూ నిజం కావు. నిజం కాని ఈ మాటలను నమ్మే చాలామంది పరీక్షకు వెళ్లరు. చివరికి కాలి వేలు నల్లబడినప్పుడో, చూపు తగ్గినప్పుడో ఆసుపత్రికి పరుగెత్తుతారు.

హాస్టల్ విద్యార్థులుగా ఈ వార్షికోత్సవ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. షుగర్ గురించిన తెలివిడి పేదవాడి ఇంటికి చేరాలంటే దాన్ని మోసుకుపోగలిగిన వాళ్లం మనమే. ఎందుకంటే మనలో చాలామంది ఇళ్లలో డాక్టరు చీటీని చదవగలిగేది మనమొక్కరమే.

మన ఊరు ఎలా మారిందో చూడండి

గాజులరామారం ఒకప్పుడు పల్లె. పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ వచ్చింది. చింతల్, షాపూర్‌నగర్, సూరారం చుట్టూ బస్తీలు పెరిగాయి. 2007లో కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016లో జిల్లాల విభజనతో రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాం. ఊళ్లో పొలం పని చేసినవాళ్లు ఇక్కడ కంపెనీల్లో మిషన్ల ముందు నిలబడుతున్నారు, వాచ్‌మన్ కుర్చీలో రాత్రంతా కూర్చుంటున్నారు, ఆటోలు నడుపుతున్నారు. పొద్దంతా నడిచి చేసే పని తగ్గింది. రాత్రి షిఫ్టులు వచ్చాయి. నిద్ర ఆపుకోవడానికి నాలుగైదు కప్పుల చక్కెర టీ తాగడం అలవాటైంది. జొన్నరొట్టె పోయి మూడు పూటలా అన్నమే అయింది. ఆకలేస్తే చేతికందేది మిర్చిబజ్జీ, కూల్‌డ్రింకు.

దేశమంతటా జరుగుతున్నదీ ఇదే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద అధ్యయనం 2023 జూన్‌లో వెలువడింది. దాని లెక్క ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద ఉన్నారు. పల్లెల్లో నూటికి దాదాపు 9 మందికి ఉంటే, పట్టణాల్లో నూటికి 16 మందికి పైగా ఉంది. పల్లె పట్టణమైతే ఏమవుతుందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. మన గాజులరామారం అలా మారిన పల్లెల్లో ఒకటి.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో ఇచ్చిన లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. ప్రపంచంలో మధుమేహం ఉన్న ప్రతి 10 మంది పెద్దల్లో 4 గురికి పైగా తమకు అది ఉన్న సంగతే తెలియదట. ఉన్న రోగం తెలియకపోవడమే ఈ జబ్బుకు పెద్ద బలం.

నొప్పి లేని రోగం

పదో తరగతి జీవశాస్త్రంలో హార్మోన్ల పట్టికలో ఇన్సులిన్ పేరు చదువుకున్నాం. పరీక్షలో ఒక మార్కు కోసం కంఠతా పట్టాం. దాని పని ఏమిటో ఇంట్లో చెప్పామా? మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. ఆ గ్లూకోజు రక్తంలోంచి కండరాల్లోకి వెళ్లి శక్తిగా మారడానికి క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. అన్నం, రొట్టె, అటుకులు, పండు, చక్కెర అన్నీ గ్లూకోజు అయ్యేవే. కాబట్టి "నేను తీపి ముట్టను, నాకు రాదు" అనుకోవడం తప్పు. వంశంలో ఉండటం, నడుము చుట్టూ కొవ్వు, ఒంటికి పని లేకపోవడం, వయసు ఇవన్నీ కారణాలే. మన దేశంలో సన్నగా కనిపించే వాళ్లకూ వస్తోంది.

అతిగా దాహం, మాటిమాటికీ మూత్రం, ఊరికే ఆకలి, నీరసం, బరువు తగ్గడం, పుండ్లు మానకపోవడం దీని లక్షణాలు. కానీ చాలామందికి మొదట్లో ఏ లక్షణమూ ఉండదు. పన్ను నొప్పి వస్తే ఆ రాత్రే డాక్టరు కోసం వెతుకుతాం. షుగర్ మాత్రం ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది. ఆ ఏళ్లలోనే కంటి వెనుక ఉండే రెటీనాలోని సన్నని రక్తనాళాలు, మూత్రపిండాల్లోని వడపోత గొట్టాలు, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. క్షయ వచ్చే ప్రమాదం కూడా షుగర్ ఉన్నవారికి రెండు మూడు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇరుకు గదుల్లో పదిమంది ఉండే బస్తీలకు ఈ మాట ముఖ్యమైనది.

పటంలోని మనిషి బాధ

మన హాస్టళ్లలో బాబాసాహెబ్ అంబేద్కర్ పటం లేని గోడ ఉండదు. ఆయన జయంతికి, వర్ధంతికి వ్యాసరచన పోటీలు పెట్టుకుంటాం. ఆయన రాజ్యాంగ రచన గురించి, మహద్ చెరువు గురించి రాస్తాం. ఆయన మధుమేహ రోగి అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

1948 నాటికే ఆయనను ఈ జబ్బు పట్టుకుంది. రాజ్యాంగ ముసాయిదా మీద రాత్రింబవళ్లు పనిచేస్తున్న కాలం అది. కాళ్లలో నరాల నొప్పులు, నిద్ర పట్టకపోవడం ఆయనను వేధించాయి. ఇన్సులిన్ తీసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 15న ఆయన వివాహమాడిన సవితా అంబేద్కర్ వైద్యురాలు. ఆయన ఆహారాన్ని, మందులను ఆమే చూసుకున్నారు. 1954లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఆయన మంచం పట్టారు. చూపు కూడా మందగించింది. అంత బాధలోనూ బుద్ధుని మీద తన చివరి గ్రంథాన్ని పూర్తిచేసి, ఆ తరువాత కొద్ది రోజులకే 1956 డిసెంబరు 6న ఢిల్లీలో నిద్రలోనే కన్నుమూశారు.

దీని నుంచి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. షుగర్ రావడం సిగ్గుపడవలసిన విషయం కాదు, దాచుకోవలసిన విషయం అసలే కాదు. అంతటి విద్యావంతుణ్ణి, ఇంట్లోనే డాక్టరు ఉన్న మనిషిని కూడా ఆ జబ్బు అంతగా బాధపెట్టింది. ఇంట్లో కూర్చుని వేలి చుక్కతో షుగర్ చూసుకునే యంత్రం ఆ రోజుల్లో లేదు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షా లేదు. ఇవాళ ఆ రెండూ ఉన్నాయి. ఆయనకు దొరకనివి మనకు దొరికినప్పుడు వాడుకోకపోతే, పటానికి పూలదండ వేసి ఏం లాభం?

అప్పుడు తెలియనిదేమిటి, ఇప్పుడు అడ్డమేమిటి?

"పరీక్ష ఎందుకు చేయించుకోవు?" అని ఇంట్లో అడిగితే మనకు వినిపించే జవాబు తెలిసిందే. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న గదా! లేనిపోని రోగం ఎందుకు తెచ్చుకోవాలె?" పరీక్ష చేస్తే రోగం వస్తుందన్నట్లు మాట్లాడతారు. మన పెద్దవాళ్లను ఈ మాటకు తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. అక్కడ బీపీ, షుగర్ చూస్తారు, మాత్రలు ఉచితంగా ఇస్తారు. 30 ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్ పరీక్ష చేయాలన్నది దేశవ్యాప్త కార్యక్రమం. ఇవన్నీ మంచివే. అయితే దవాఖానా పగటి పూట తెరిచి ఉంటుంది. మా నాయినలు ఆ సమయానికి కంపెనీలో ఉంటారు, లేదా రాత్రి డ్యూటీ చేసి పడుకుని ఉంటారు. పరగడుపు పరీక్ష కోసం పొద్దున వెళ్లి కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. నొప్పి లేని రోగం కోసం కూలి వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు? అందుకే వారంలో కనీసం ఒక్క సాయంత్రం, లేదా నెలకు ఒక్క ఆదివారం, పారిశ్రామికవాడలో పనిచేసే వారి కోసం పరీక్షలు జరపాలని మేము కోరుతున్నాం. కంపెనీ గేటు దగ్గరే షిఫ్టు మారే వేళ చేస్తే ఇంకా మేలు.

రెండో అడ్డం భాష. పరీక్ష చేయించుకున్నా రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. చదివి చెప్పేవారుండరు. కాగితం మడిచి బియ్యం డబ్బా మీద పెడతారు. ఇక్కడే మన అవసరం ఉంది మిత్రులారా! ఆ కాగితం మీద మూడు అంకెలు చదవడం మన ఎనిమిదో తరగతి తమ్ముడికి కూడా కష్టం కాదు.

పరగడుపున చూసిన షుగర్‌ను ఎఫ్‌బీఎస్ అని రాస్తారు. అది 100 కంటే తక్కువ ఉంటే మామూలే. 100 నుంచి 125 వరకు ఉంటే గడప మీద ఉన్నట్లు. 126, ఆపైన ఉంటే షుగర్ జబ్బు ఉన్నట్లు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత చూస్తే 140 లోపు మామూలు, 200 ఆపైన అయితే జబ్బు. మూడోది హెచ్‌బీఏ1సీ. ఇది గడిచిన మూడు నెలల సగటు. 5.7 లోపు మామూలు, 6.5 ఆపైన జబ్బు. లక్షణాలేమీ లేనివారికి ఒక్కసారి చూసి తేల్చరు, మళ్లీ పరీక్ష చేసి డాక్టరే నిర్ణయిస్తారు. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసి అంకె తగ్గించుకుని సంతోషించేవారిని మూడు నెలల సగటు పట్టిస్తుంది.

గడప మీద ఉన్నవారికి ఇది మంచి వార్త కూడా. రోజూ అరగంట నడక, బరువు తగ్గడం, తిండిలో మార్పు, వీటితో చాలామంది జబ్బు రాకుండా లేదా ఆలస్యంగా వచ్చేలా చేసుకోగలరు. కానీ తాను గడప మీద ఉన్నానని ముందు తెలియాలి కదా!

నమ్మకాలు, నిజాలు

"కాకరకాయ రసం తాగితే షుగర్ పోతది." కాకరకాయ మంచి కూరే. కానీ అది మందుకు బదులు కాదు. ఎవరో చెప్పిన పొడిని నమ్మి మాత్రలు మానినవారు ప్రమాదం కొనితెచ్చుకుంటున్నారు.

"మాత్రలు వేస్తే కిడ్నీలు ఖరాబైతయి." అదుపు తప్పిన షుగర్, బీపీ కిడ్నీలను చెడగొడతాయి. ఆ రెంటినీ అదుపులో పెట్టేది మాత్ర. ఏ మాత్ర ఎవరికి సరిపడుతుందో డాక్టరు పరీక్షలు చూసి చెబుతారు.

"సూది మొదలుపెడితే ఇక ఆఖరే." ఇన్సులిన్ సూదికి భయపడి ఆలస్యం చేయడం వల్లే ఆఖరు దగ్గరవుతుంది.

"షుగర్ తగ్గింది, మందు ఆపేసిన." మందు వేస్తున్నందువల్లే తగ్గింది. గొడుగు కింద తడవడం లేదని వానలో గొడుగు మూసేస్తామా?

"జొన్నరొట్టె ఎంతైనా తినొచ్చు." జొన్నలు, రాగులు మంచివే. వాటిలోనూ పిండిపదార్థం ఉంది కాబట్టి కొలత తప్పకూడదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు పెంచి, చక్కెర, ఉప్పు, నూనె తగ్గించాలని అది చెబుతోంది. దీనికి ఖరీదైన తిండి అక్కరలేదు. పళ్లెంలో అన్నం ఒక గంటె తగ్గించి పప్పు, తోటకూర ఒక గంటె పెంచడం పేదవారికీ సాధ్యమే. టీలో చక్కెర సగం చేయడానికి రూపాయి ఖర్చు కాదు, పైగా మిగులుతుంది.

కాళ్లు, కళ్లు, కిడ్నీలు

షుగర్ ఉన్నవారికి కాళ్ల స్పర్శ తగ్గుతుంది. చెప్పులో రాయి ఉన్నా, ఎండకు కాలిన రోడ్డు మీద నడిచినా, కంపెనీలో రేకు గీసుకున్నా తెలియదు. చిన్న గాయం చీము పట్టి, ఎముక దాకా పోయి, వేలు తీసేయవలసి వస్తుంది. నిలబడి పనిచేసే మనిషికి కాలు పోతే పని పోతుంది. పని పోతే ఇంటి అద్దె ఎవరు కడతారు? పెద్దకొడుకు హాస్టల్ మాని పనిలో చేరాల్సి వస్తుంది. ఒక మనిషి కాలికి తగిలిన గాయం ఒక పిల్లవాడి చదువును ఆపగలదు. మేము దీని గురించి రాయడానికి కారణం ఇదే.

కాబట్టి రోజూ రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోవాలి. కిందికి వంగలేకపోతే పిల్లలు చూడాలి, లేదా అద్దం పెట్టుకోవాలి. చెప్పులు వేసుకునే ముందు దులపాలి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకూడదు. గాయానికి సున్నం, పసుపు పూసి కూర్చోకుండా డాక్టరుకు చూపాలి.

కళ్లకు ఏడాదికి ఒకసారి రెటీనా పరీక్ష కావాలి. 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో చాలామందికి అద్దాలు వచ్చాయి. అద్దాలు వచ్చాయి కాబట్టి కళ్లు బాగున్నాయనుకోవద్దు. రెటీనా దెబ్బతింటే అద్దాలతో బాగుపడదు. మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఈ పరీక్ష చేస్తారు. కిడ్నీల కోసం ఏడాదికి ఒకసారి మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ జరుగుతోంది. అది ఎందరికో ప్రాణం పోస్తోంది. అయినా వారానికి రెండు మూడుసార్లు యంత్రం పక్కన పడుకోవడం కంటే, ముందే ఒక సీసాడు మూత్రం పరీక్షకు ఇవ్వడం ఎంత తేలిక!

మన గదిలోనూ ఉండవచ్చు

షుగర్ పెద్దవాళ్లకే వస్తుందనుకోవద్దు. పిల్లలకు వచ్చే టైప్ 1 మధుమేహంలో శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. సూది లేకపోతే ప్రాణం నిలవదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో చావుబతుకుల మధ్య ఉన్న లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి ప్రపంచంలో మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. వాడు మన తొమ్మిదో తరగతి తమ్ముడంత. ఇన్సులిన్ కనుగొన్న ఫ్రెడరిక్ బాంటింగ్ బృందం ఆ హక్కులను లాభానికి అమ్ముకోలేదు. టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకు ఇచ్చేశారు. మందు అందరిదీ కావాలన్నది వారి ఆలోచన. తెలివిడి కూడా అలాగే అందరిదీ కావాలి.

మన హాస్టల్‌లో అలాంటి తమ్ముడో, చెల్లెలో ఉంటే వారిని వింతగా చూడకూడదు. భోజనం వేళ తప్పితే వారికి షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే, స్పృహలో ఉన్నప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. పరీక్ష హాలుకు తినుబండారం తీసుకుపోవడానికి ఇలాంటి విద్యార్థులకు సీబీఎస్ఈ 2017లో అనుమతినిచ్చింది. ఆ సౌకర్యం ప్రతి బడిలో, ప్రతి హాస్టల్‌లో ఉండాలి.

మా ప్రతిపాదన

కొందరు పెద్దలు అనవచ్చు: "మీరు చదువుకోవడానికి వచ్చారు, ఈ డాక్టరు పనులు మీకెందుకు?" మేము వైద్యం చేస్తామనడం లేదు. చదివిన పాఠాన్ని ఇంట్లో చెబుతామంటున్నాం. అలా చెప్పడం కూడా చదువులో భాగమే. మరికొందరు, "ఇవన్నీ చెబితే జనం భయపడతారు" అంటారు. కాళ్లు తీసేసిన బొమ్మల పోస్టర్లు చూపితే భయపడతారు, నిజమే. రిపోర్టు చదివి, "బాపూ, నీది 118 ఉంది, ఇంకా గడప దాటలేదు, రేపటి నుంచి నేను కూడా నీతో నడుస్త" అని కొడుకు చెబితే భయం ఉండదు.

నవంబరు 14 అంటే మనకు బాలల దినోత్సవం. అదే తేదీన 1891లో బాంటింగ్ పుట్టాడు కాబట్టి అది ప్రపంచ మధుమేహ దినం కూడా. ఏటా ఆ రోజు పాటలు, ఆటలు, మిఠాయిలతో గడుపుతాం. వచ్చే నవంబరు 14న సాయంత్రం, షిఫ్టు దిగే వేళకు మన అమ్మానాన్నలను హాస్టల్‌కు పిలుద్దాం. బస్తీ దవాఖానా సిబ్బందిని, ఆశా అక్కలను వచ్చి బీపీ, షుగర్ చూడమని వార్డెన్ గారి ద్వారా అడుగుదాం. వచ్చిన అంకెను తెలుగులో ఒక చీటీ మీద రాసి, దాని అర్థం ఏమిటో, తరువాత ఎక్కడికి వెళ్లాలో వారి పిల్లలే చెప్పాలి. ఎక్కువ వచ్చినవారిని ఆ వారంలోనే దవాఖానాకు వెంట తీసుకుపోవాలి. ఊళ్లలో తల్లిదండ్రులున్న మిత్రులు సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు అదే పని అక్కడ చేయాలి.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. వార్డెన్ గారి అనుమతి, సిబ్బంది ఒక సాయంత్రం, మన శ్రద్ధ చాలు. మిఠాయిలు కూడా మానక్కరలేదు, పిల్లలం మనం తిందాం. పెద్దవాళ్లకు మాత్రం ఆ సాయంత్రం ఉడకబెట్టిన శనగలు, చక్కెర లేని టీ పెడదాం.